అడ్డం తీసెయ్

పేజీలో ఉన్న అక్షరాల్ని మనం చెరిపెయ్యొచ్చని నాకు 2006లో తెలిసింది. అప్పటిదాకా వెబ్‌సైట్ అంటే వాళ్ళు చూపిస్తారు, మనం చూస్తాం, అంతే అనుకునేదాన్ని.

ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. కాగితాల మీదున్న వివరాలు చూసి ఒక వెబ్ ఫారంలో ఎక్కించడం నా పని. ఒక్కో రికార్డుకి 23 బాక్సులు. వాటిలో 14 బాక్సుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టేది ఒకటే, అదే విభాగం, అదే బ్యాచ్ నంబరు, అదే తేదీ, అయినా ప్రతి రికార్డుకీ మళ్ళీ మొదటి నుంచి కొట్టాల్సిందే. సబ్మిట్ నొక్కగానే పేజీ మొత్తం మళ్ళీ లోడ్ అయ్యేది, బాక్సులన్నీ ఖాళీ అయిపోయేవి. సాయంత్రానికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర లాగేది. రాత్రి కళ్ళు మూసుకున్నా ట్యాబ్, ట్యాబ్, ట్యాబ్ అని వేళ్ళు కదులుతున్నట్టే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం మా సీనియర్ ఒకాయన నా కుర్చీ వెనక నిలబడి కాసేపు చూశారు. ఏమీ అనలేదు. "ఇలా జరుగమ్మా" అని కీబోర్డు తన వైపు లాక్కుని, అడ్రస్ బార్‌లో ఉన్నదంతా చెరిపేసి, జావాస్క్రిప్ట్ అని కొట్టి కోలన్ పెట్టి, ఆ పక్కన ఏదో ఒక చిన్న ముక్క రాసి ఎంటర్ నొక్కారు. తెర మీద ఏమీ మారలేదు. "ఇప్పుడు ఆ పైన హెడ్డింగ్ మీద క్లిక్ చేసి బ్యాక్‌స్పేస్ కొట్టు" అన్నారు. కొట్టాను. అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. నాకు గుండె ఆగినంత పనైంది.

"సార్, అందరికీ పోయిందా?"

"నీ కంప్యూటర్‌కి వచ్చింది కాపీ అమ్మా. వాళ్ళ దగ్గరున్నది వాళ్ళది, నీ ముందున్నది నీది. నీ కాపీ మీద నువ్వేం గీసుకున్నా వాళ్ళకేం కాదు. రిఫ్రెష్ కొట్టు, మళ్ళీ వస్తుంది."

కొట్టాను. హెడ్డింగ్ మళ్ళీ వచ్చింది. ఆయన వెళ్ళిపోయారు, నేను మాత్రం ఆ రోజు పని అయ్యేదాకా ఆ మాటే అనుకుంటూ కూర్చున్నాను. నీ ముందున్నది నీది. దాదాపు 20 ఏళ్ళైంది, నేను బ్రౌజర్‌తో చేసిన పనులన్నీ ఆ ఒక్క మాట పట్టుకుని చేసినవే.

ఆయన కొట్టింది డాక్యుమెంట్ డాట్ డిజైన్‌మోడ్ ఈజ్ ఈక్వల్ టు ఆన్ అని, ఆ తర్వాత సెమీకోలన్ పెట్టి వాయిడ్ సున్నా అని. ఆ రాత్రి ఇంట్లో గుర్తు తెచ్చుకుని కొట్టాను గానీ చివర్లో వాయిడ్ సంగతి మర్చిపోయాను. ఎంటర్ నొక్కగానే పేజీ మొత్తం మాయమై, తెల్లటి తెర మీద పైన ఎడమ మూలలో ఆన్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మిగిలాయి. ఎందుకో తెలుసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. అడ్రస్ బార్‌లో రాసిన ప్రోగ్రాం చివరికి ఏ విలువ ఇస్తే, బ్రౌజర్ దాన్నే కొత్త పేజీ అనుకుని పాతది తీసేసి అది పెట్టేస్తుంది. వాయిడ్ సున్నా అంటే, ఇచ్చేది ఏమీ లేదు, ఉన్న పేజీని ఉన్నట్టే వదిలెయ్ అని చెప్పడం. నాకు ప్రోగ్రామింగ్‌లో నిజంగా అర్థమైన మొదటి విషయం ఇదే. పుస్తకంలో చదివి ఉంటే ఇంతలా గుర్తుండేది కాదు.

అదే ముక్కని బుక్‌మార్క్‌గా దాచుకుంటే బుక్‌మార్క్‌లెట్. వెబ్ అడ్రస్ ఉండాల్సిన చోట ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది, నొక్కితే ఎదురుగా ఉన్న పేజీ మీద అది నడుస్తుంది. ఆ పేరు స్టీవ్ కాంగస్ అనే ఆయన 1998 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చారు. ఆ ప్రోగ్రాం రాసే భాష జావాస్క్రిప్ట్. అది పుట్టిందే 1995లో, నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ మొదటి రూపాన్ని 10 రోజుల్లో రాశారు. అంటే బ్రౌజర్ మాట వినడం మొదలుపెట్టిన రెండు మూడేళ్ళకే జనం తమ పనులకి దాన్ని వాడేసుకుంటున్నారన్నమాట.

నా మొదటి బుక్‌మార్క్‌లెట్ ఆ ఆఫీసు ఫారం కోసమే. 14 బాక్సులు, 14 విలువలు, అన్నీ ఒకే లైన్లో. ఆఫీసులో రెండు బ్రౌజర్లు ఉండేవి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో ఇలాంటి బుక్‌మార్క్‌కి దాదాపు 500 అక్షరాలే పట్టేవి, నాది దాటిపోయింది, అందుకని ఫైర్‌ఫాక్స్‌కి మారాను. నొక్కాను. పదమూడు బాక్సులు టకటకా నిండాయి. పద్నాలుగోది నిండలేదు.

దాని కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో ఉన్న అసలు మజా అక్కడే నాకు దొరికింది. ఫారంలో విభాగం అని ఒక డ్రాప్‌డౌన్, దాని కింద ఉపవిభాగం అని ఇంకోటి. చేత్తో విభాగం ఎంచుకుంటే కింద ఉపవిభాగాల జాబితా వచ్చేది. నేను రాసిన ముక్క, ఇలాంటివాటినే స్క్రిప్ట్ అంటారు, విభాగం మార్చేది, తెర మీద మారినట్టు కనిపించేది కూడా, కింద జాబితా మాత్రం ఖాళీ. వారం రోజులు తల పట్టుకున్నాను. చివరికి తెలిసిందేంటంటే, మనం చేత్తో మార్చినప్పుడు బ్రౌజర్ ఆ పేజీకి "ఇదిగో, ఇది మారింది" అని ఒక కబురు పంపుతుంది, దాన్నే చేంజ్ ఈవెంట్ అంటారు. స్క్రిప్ట్‌తో మారిస్తే ఆ కబురు వెళ్ళదు. విలువ మారింది గానీ మారిందని పేజీకి తెలియదు. కాబట్టి కబురు కూడా మనమే పంపాలి. ఈవెంట్ తయారుచేసి ఆ డ్రాప్‌డౌన్ మీదకి వదిలేందుకు మూడు లైన్లు రాశాను. నొక్కగానే కింద జాబితా బిలబిలమంటూ నిండింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డానని పక్క సీటు అక్క ఇప్పటికీ చెబుతుంది.

రికార్డుకి నాలుగు నిమిషాలు పట్టేది కాస్తా నిమిషంన్నరకి వచ్చింది.

ఆ తర్వాత గ్రీజ్‌మంకీ దొరికింది. ఇది ఫైర్‌ఫాక్స్‌కి పెట్టుకునే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి కొత్త పనులు నేర్పే అదనపు ముక్క, 2004 చివర్లో ఏరన్ బూడ్‌మన్ మొదలుపెట్టారు. ఏడ్రియన్ హొలోవాటీ అనే ఆయన సంగీతం వివరాలుండే ఒకే ఒక్క సైట్‌ని శుభ్రం చేసుకోవడానికి ఒక ఎక్స్‌టెన్షన్ రాసుకుంటే, అది చూసి బూడ్‌మన్‌కి, ఒక్క సైట్‌కే ఎందుకు, ఏ సైట్‌కైనా ఎవరి స్క్రిప్ట్ వాళ్ళు పెట్టుకునేలా చేస్తే పోలా అనిపించింది. బుక్‌మార్క్‌లెట్‌ని ప్రతిసారీ నొక్కాలి. గ్రీజ్‌మంకీ స్క్రిప్ట్‌కి ఆ అవసరం లేదు. స్క్రిప్ట్ మొదట్లో కామెంట్ లైన్లలో దాని పేరు, ఏ అడ్రస్ ఉన్న పేజీల మీద నడవాలో రాస్తాం, ఆ పేజీ తెరుచుకుంటే చాలు, అదే నడుస్తుంది. కింద స్టేటస్ బార్‌లో చిన్న కోతి మొహం ఉండేది, పనిలో ఉంటే రంగుల్లో, ఆపేస్తే బూడిద రంగులో. పొద్దున్నే ఆ కోతి రంగుల్లో కనిపిస్తే నాకు ఆఫీసులో ఒక తోడు దొరికినట్టుండేది. నా ఫోల్డర్‌కి "కోతులు" అని పేరు పెట్టాను. ఇప్పటికీ అదే పేరు.

2006లోనే జో హెవిట్ రాసిన ఫైర్‌బగ్ అనే ఇంకో ఎక్స్‌టెన్షన్ కూడా వచ్చింది. దాని విలువ ఇవాళ్టి పిల్లలకి చెప్పినా అర్థం కాదేమో, ఎందుకంటే అది చేసిన పని ఇప్పుడు అన్ని బ్రౌజర్లలోనూ పుట్టుకతోనే ఉంది. అప్పుడు పేజీ లోపల ఏముందో చూడాలంటే వ్యూ సోర్స్ నొక్కి, ఆ బారెడు కోడ్‌లో వెతుక్కోవాలి. ఫైర్‌బగ్‌లో తెర మీద వస్తువు మీద క్లిక్ చేస్తే దాని కోడ్ నేరుగా ఎదురుగా వచ్చేది. పేజీ ఎలా కట్టారో నేను చూసి నేర్చుకున్నాను, ఎవరో కట్టిన ఇంట్లో గోడల మీద చెయ్యి వేసి తడిమి చూసినట్టు. ఈ వస్తువుకి ఈ పేరు, దాని లోపల ఇది, దీన్ని తీసేస్తే అది కూలుతుంది. నాకు వెబ్ డిజైన్ ఎవరూ నేర్పలేదు, నేర్చుకున్నదంతా ఎక్కడెక్కడి వాళ్ళో కట్టిన పేజీలు విప్పి చూసే.

చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. స్క్రిప్ట్ బాగా నడుస్తోందని, ఇంకో అడుగు ముందుకేసి, చివరి బాక్సు నింపగానే సబ్మిట్ కూడా అదే నొక్కేలా రాశాను. రెండు వారాలు అద్భుతంగా నడిచింది. మూడో వారం, ఒక శుక్రవారం, కొత్త బ్యాచ్ మొదలైంది. కొత్త కాగితాల తేదీ వేరు. స్క్రిప్ట్‌లో తేదీ మార్చలేదు నేను. మర్చిపోయాను, అంతే. సబ్మిట్ నేనే చేత్తో నొక్కి ఉంటే నొక్కేముందు కళ్ళు ఒకసారి పేజీ మీద పడేవి, పాత తేదీ కనిపించేది. నేను చూసే లోపే స్క్రిప్ట్ పంపేస్తోంది. సాయంత్రం ఐదున్నరకి, కాగితాలు సర్దుతుంటే పై కాగితం మీద తేదీ కంటపడింది. ఒళ్ళంతా చల్లబడింది. 212 రికార్డులు.

ఆ టెన్షన్‌లో ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి సరిచేద్దామని ఒక్క క్షణం అనిపించింది. వెళ్ళి సీనియర్‌కి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "స్క్రిప్ట్ తీసెయ్యకు. సబ్మిట్ నొక్కే లైన్ ఒక్కటే తీసెయ్. నింపడం దాని పని, పంపడం నీ పని" అన్నారు. శనివారం, ఆదివారం కూర్చుని 212 రికార్డులూ ఒక్కొక్కటే తెరిచి తేదీ మార్చాను. మార్చడానికి స్క్రిప్ట్ రాయొచ్చు, రాయబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నేను రాసిన ఏ స్క్రిప్ట్ కూడా చివరి బటన్ తనంతట తను నొక్కలేదు. పైగా తేదీ బాక్సుని పసుపు రంగులో చూపించే లైన్ ఒకటి కలిపాను, ప్రతిసారీ కళ్ళు ముందు దాని మీదే పడేలా.

పక్క సీటు అక్క అని చెప్పాను కదా, ఆవిడ కోసం రాసింది నాకు అన్నిటికంటే ఇష్టమైన స్క్రిప్ట్. ఫిర్యాదులకి జవాబులు రాసే పని ఆవిడది. ఒక్కో జవాబు పేజీన్నర ఉండేది, ఆలోచించి ఆలోచించి రాసేది. ఆ సైట్‌లో 20 నిమిషాలు ఏ బటనూ నొక్కకపోతే లాగౌట్ అయిపోయేది. మనం టైప్ చేస్తున్నా సరే, సర్వర్‌కి ఏమీ వెళ్ళలేదు కాబట్టి మనం అక్కడ లేనట్టే దానికి లెక్క. అక్క అంతా రాసి పంపు అని నొక్కితే లాగిన్ పేజీ వచ్చేది, వెనక్కి వెళ్తే బాక్సు ఖాళీ. ఒకరోజు అలా పోగొట్టుకుని ఏమీ మాట్లాడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ రాత్రే రాశాను. అక్షరం కొట్టినప్పుడల్లా బాక్సులో ఉన్నదంతా గ్రీజ్‌మంకీ దగ్గర దాస్తుంది, మళ్ళీ ఆ పేజీ తెరిస్తే బాక్సు పక్కన "పాతది ఉంది, పెట్టమంటారా" అని చిన్న లింకు చూపిస్తుంది. మొత్తం 30 లైన్లు కూడా లేవు. మర్నాడు అక్కకి పెట్టిచ్చాను. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ లాగౌట్ అయింది. లింకు నొక్కింది, రాసిందంతా వచ్చింది. "ఒసేయ్, వచ్చిందే!" అని ఆఫీసంతా వినపడేలా అరిచింది.

ఇవన్నీ చెబుతున్నప్పుడు ఇంకో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. మనం రాసుకున్న స్క్రిప్ట్ మన మాట వింటుంది. ఎవరో రాసింది ఎవరి మాట వింటుందో లోపల చదివితేనే తెలుస్తుంది. 2005 జులైలో గ్రీజ్‌మంకీలోనే పెద్ద లొసుగు బయటపడింది, స్క్రిప్ట్‌లకి ఇచ్చిన ప్రత్యేక అధికారాల్ని మనం తెరిచిన పేజీ దొంగిలించి మన కంప్యూటర్లో ఫైళ్ళు కూడా చదవగలిగేలా ఉండేది. వెంటనే ఆ అధికారాలు తీసేసి ఒక వెర్షన్ వదిలారు, తర్వాత జాగ్రత్తగా మళ్ళీ కట్టారు. నేను వచ్చేసరికి అంతా సర్దుకుంది గానీ ఆ కథ విన్నాక, చదవకుండా ఏ స్క్రిప్టూ పెట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను.

2010, 2011 ప్రాంతంలో ఇంకో బెడద. "మీ ప్రొఫైల్ ఎవరెవరు చూశారో తెలుసుకోండి, ఈ లైన్ కాపీ చేసి అడ్రస్ బార్‌లో వేసి ఎంటర్ కొట్టండి" అని మెసేజ్‌లు వచ్చేవి. మా పిన్ని కూతురు అలాగే కొట్టింది. ఐదు నిమిషాల్లో దాని పేరు మీద దాని ఫ్రెండ్స్ అందరికీ అదే మెసేజ్ వెళ్ళిపోయింది. "అక్కా, నేనేం చెయ్యలేదే, పేస్ట్ చేశానంతే" అని ఏడుస్తూ ఫోన్ చేసింది. నాకు ఎంత బాధేసిందంటే, నాకు దారి చూపించిన కిటుకు అదే కదా, అదే అడ్రస్ బార్, అదే కోలన్. లాగిన్ అయి ఉన్న పేజీలో నడిచే స్క్రిప్ట్ మనం చెయ్యగలిగిన పనులన్నీ మన పేరు మీద చెయ్యగలదు. దాని బలం అదే, ప్రమాదం కూడా అదే. ఆ తర్వాత 2011లో ఫైర్‌ఫాక్స్ 6 నుంచి అడ్రస్ బార్‌లో కొట్టిన జావాస్క్రిప్ట్‌కి పేజీని ముట్టుకునే వీలు తీసేశారు. క్రోమ్‌లో అయితే పేస్ట్ చేస్తే ముందున్న జావాస్క్రిప్ట్ అనే మాట దానంతటదే ఊడిపోతుంది. ఇప్పుడు డెవలపర్ కన్సోల్‌లో, అంటే బ్రౌజర్లోనే కోడ్ కొట్టి నడిపే చోట, పేస్ట్ చెయ్యబోయినా, పేస్ట్‌కి ఒప్పుకుంటున్నానని ముందు చేత్తో టైప్ చెయ్యమంటుంది. చిరాకు పడేవాళ్ళున్నారు. నాకు మాత్రం చిరాకు రాదు, మా చెల్లి ఏడుపు గుర్తొస్తుంది.

అప్పట్లో స్క్రిప్ట్‌లన్నీ ఒకచోట దొరికేవి, యూజర్‌స్క్రిప్ట్స్ డాట్ ఆర్గ్‌లో. రాత్రిళ్ళు అందులో ఊరికే తిరిగేదాన్ని. నాకు అవసరం లేని సైట్ల స్క్రిప్ట్‌లు కూడా చదివేదాన్ని, రాసినవాళ్ళకి ఏ ఇబ్బంది వచ్చి రాశారో ఊహించుకుంటూ. ఒకాయన ఎర్ర, ఆకుపచ్చ రంగుల తేడా కనపడనివాళ్ళ కోసం పట్టికల్లో రంగుల బదులు గుర్తులు పెట్టే స్క్రిప్ట్ రాశాడు. ఇంకొకరు పేజీలో తేదీలన్నీ సంవత్సరం ముందు వచ్చేలా మార్చుకున్నారు, ఎందుకో రాయలేదు. ఎవరి కష్టానికి వాళ్ళు వేసుకున్న కట్లు అవన్నీ. 2014లో ఆ సైట్ మూతపడింది. ముందు నెమ్మదించింది, చెత్త పోస్టులతో నిండింది, పట్టించుకునేవాళ్ళు లేరు, ఒకరోజు తెరవలేదు. ఎవరో పుణ్యాత్ములు చాలావరకు కాపీ తీసి అద్దంలా ఇంకోచోట నిలబెట్టారు. అదే ఏడాది జేసన్ బార్నబీ గ్రీజీ ఫోర్క్ మొదలుపెట్టారు, ఇప్పుడు అందరూ వెళ్ళేది అక్కడికే. నేను మాత్రం ఆ తేదీల స్క్రిప్ట్ కోసం వెతికాను, దొరకలేదు. అలాంటివి అప్పుడే దాచుకోవాల్సింది.

ఇంకో దెబ్బ 2017 నవంబర్‌లో. ఫైర్‌ఫాక్స్ 57తో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోయాయి, గ్రీజ్‌మంకీని కూడా మళ్ళీ రాయాల్సి వచ్చింది. నాలుగో వెర్షన్‌లో, దాచిన విలువ తెమ్మంటే వెంటనే చేతికివ్వదు, "తెస్తాను, ఉండు" అని ఒక ప్రామిస్ ఇస్తుంది. అక్క కోసం రాసినదాంతో సహా నా కోతులు సగం ఒకే రోజు మూగబోయాయి. ఫైర్‌బగ్ కూడా ఆ ఏడాదే ముగిసింది. కొన్నిటిని తిరగరాశాను, మిగిలినవాటికోసం గ్రీజ్‌మంకీ లాంటిదే ఇంకోటి, టాంపర్‌మంకీకి మారాను. అది 2010 నుంచీ ఉన్నదే, అందులో పాత పద్ధతి పనిచేస్తుంది. కొంతకాలం తర్వాత అలాంటిదే అయిన వయొలెంట్‌మంకీకి వచ్చాను, దాని కోడ్ అంతా ఎవరైనా చదువుకునేలా బయటే ఉంటుంది, నాకది ముఖ్యం.

మధ్యలో చిన్నవి చాలా ఉన్నాయి. జాబితా పేజీకి 10 మాత్రమే చూపిస్తుంటే, అడ్రస్ చివర ఉన్న 10ని 200 చేసి కొట్టడం, ఒక్కోసారి సర్వర్ ఒప్పుకుంటుంది. అకౌంట్ నంబర్ పేస్ట్ చెయ్యనివ్వని ఫారాల్లో, ఆ పేస్ట్ కబురు పేజీకి అందేలోపే మధ్యలో పట్టుకుని ఆపేసే నాలుగు లైన్లు. ఒకసారి ఒక ఆన్‌లైన్ కోర్సు చెయ్యాల్సి వచ్చింది, చెప్పేవారు మంచివారే గానీ మరీ నెమ్మది, ప్లేయర్లో స్పీడ్ బటన్ లేదు. కన్సోల్ తెరిచి పేజీలో ఉన్న వీడియోని పట్టుకుని ప్లేబ్యాక్ రేట్ 1.6 అని ఒక్క లైన్ రాస్తే చక్కగా మామూలు మనిషి మాట్లాడినట్టు వినిపించింది. కోర్సంతా శ్రద్ధగా విన్నాను.

కొత్త తరం పేజీలు పాతవాటిలా లేవు. ఇప్పుడు పేజీ వచ్చేటప్పటికి అందులో ఏమీ ఉండదు, తర్వాత ముక్కలు ముక్కలుగా దిగుతుంది. మన స్క్రిప్ట్ ముందే వచ్చి వెతికితే ఏం దొరుకుతుంది? మొదట్లో అర సెకనుకోసారి వచ్చిందా, వచ్చిందా అని చూసేలా రాసేదాన్ని. తర్వాత మ్యుటేషన్ అబ్జర్వర్ వచ్చింది, పేజీలో ఏదైనా మారితే అదే పిలిచి చెబుతుంది, కాపలా కాయక్కర్లేదు. బాక్సులు నింపడం కూడా మారింది. పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ అనే సాధనంతో కట్టిన ఫారంలో బాక్సులో విలువ పెడితే కనిపిస్తుంది, పక్కకి జరగగానే పోతుంది. 2006లో పద్నాలుగో బాక్సు దగ్గర పడ్డ కష్టమే, ఇంకో వేషంలో. బాక్సులో ఏముందో రియాక్ట్ తన దగ్గర వేరే లెక్క రాసుకుంటుంది. బ్రౌజర్ సొంత పద్ధతిలో విలువ పెట్టి, ఇన్‌పుట్ ఈవెంట్ వదిలితేనే ఆ లెక్క మారుతుంది. అది తెలిసిన రోజు కూడా కుర్చీలోంచి లేచాను.

నాన్న రిటైరయ్యాక తెర మీద చదవడం అలవాటు చేసుకున్నారు. తెలుగులోనే చదువుతారు. మొదట్లో ఆయన ఇబ్బంది అక్షరాలు చిన్నవని అనుకుని పెద్దవి చేసి ఇచ్చాను. "పెద్దవే కనపడుతున్నాయి గానీ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయమ్మా" అన్నారు. వెళ్ళి పక్కన కూర్చుని చూస్తే తెలిసింది. ఆ పేజీ ఇంగ్లీషు అక్షరాల కొలతతో కట్టింది, లైన్‌కీ లైన్‌కీ మధ్య జాగా తక్కువ. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పై లైన్లో వత్తు కింద లైన్లో గుడికి తగిలి రెండూ ఒక ముద్దలా ఉన్నాయి. ఆయన పాపం ప్రతి మాటా ఊహించుకుని చదువుతున్నారు. లైన్ హైట్ 1.8 అని ఒక్క మాట, ఆయన తెరిచే అన్ని సైట్లకీ. వత్తులు విడిపోయాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "ఇప్పుడు చదువుతున్నట్టుంది" అన్నారు.

రెండో ఇబ్బంది అడ్డాలు. పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, మూలన ఒక చాట్ బొమ్మ, చదువుతుండగా మధ్యలో ఒక డబ్బా. "ఆ పైన అడ్డంగా వచ్చి కూర్చుంటోంది చూడు, అది తీసెయ్యలేవా?" అన్నారు. అలాంటివన్నీ దాదాపు ఒకే పద్ధతిలో ఉంటాయి, పొజిషన్ ఫిక్స్‌డ్ అనో స్టిక్కీ అనో, అంటే పేజీ కదిలినా తెర మీద అక్కడే అంటుకుని ఉండమని. పేజీలో ఉన్న ప్రతి వస్తువునీ అడిగి, ఆ రెండిట్లో ఏదైనా అంటే తీసేసే బుక్‌మార్క్‌లెట్ రాసి, బార్ మీద "అడ్డం తీసెయ్" అని తెలుగులో పేరు పెట్టి ఇచ్చాను. వారం తర్వాత ఫోన్. "అడ్డం పోతోంది గానీ, ఆ డబ్బా వచ్చినచోట పేజీ కిందికి కదలడం లేదు." డబ్బా వచ్చినప్పుడు ఆ సైట్ వెనక పేజీని స్క్రోల్ అవకుండా బిగించేస్తుంది, ఓవర్‌ఫ్లో హిడెన్ అని. డబ్బా మాత్రం తీసేశాం, బిగింపు అలాగే ఉంది. దాన్ని కూడా వదులు చేసే లైన్ కలిపాను.

నిరుడు కొన్ని సైట్లలో ఆ బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదన్నారు. ఏ స్క్రిప్ట్ నడవాలో సైటే ఒక జాబితా ఇస్తుంది, కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అంటారు. దొంగ స్క్రిప్ట్‌లని ఆపడానికి అది మంచిదే, ఒక్కోసారి దాని దెబ్బకి బుక్‌మార్క్‌లెట్లు కూడా ఆగిపోతాయి. దాన్ని వయొలెంట్‌మంకీ స్క్రిప్ట్‌గా మార్చి, మూలన చిన్న బటన్ కనిపించేలా చేశాను. పేరు అదే, అడ్డం తీసెయ్.

పోయిన ఆదివారం వెళ్ళాను. "ఒక్కోసారి పైన మెనూ కూడా దీంతోపాటు పోతోంది, అది కావాల్సినప్పుడు పేజీ మళ్ళీ తెరుచుకోవాల్సి వస్తోంది. తిరిగి పెట్టేది ఇంకోటి చెయ్యకూడదూ?" అన్నారు. ఇంకో బటన్ పెడతానన్నాను. "వద్దు వద్దు, రెండెందుకు, ఒకటే ఉండనీ. ఇంకోసారి నొక్కితే రావాలి" అన్నారు. అంతే కదా, నాకే తట్టలేదు. తీసేసే లైన్ మార్చి, దాచేలా రాశాను. దాచినప్పుడు ప్రతి వస్తువుకీ ఒక గుర్తు పెట్టి దాని పాత స్థితి రాసి ఉంచడం, మళ్ళీ నొక్కితే గుర్తున్నవన్నీ పాత స్థితికి తేవడం, పేజీ బిగింపుతో సహా. ఆయన టీ తాగేలోపు అయిపోయింది.

నొక్కారు, పోయింది. మళ్ళీ నొక్కారు, వచ్చింది. ఇంకోసారి నొక్కి, కుర్చీ ముందుకి జరుపుకుని చదువుకోవడం మొదలుపెట్టారు.